మేకలు నాకిన గోడ

ఊటకు పోయే దారికి అడ్డంగా ఇనుపముళ్ల కంచె వేసిన రోజున కనక నోరెత్తలేదు. బిందె చంకన పెట్టుకుని కాసేపు ఆ కంచెను చూసింది. అటు తమ ఊట, ఇటు తాను, మధ్యలో నిన్నటిదాకా లేని తీగ. చూసి చూసి, కుచ్చిళ్లు ఎగదోపి, గుట్ట వెనక తుప్పల్లోంచి చుట్టు తిరిగి పోయి నీళ్లు తెచ్చుకుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చివరికి ఆమె కాళ్ల కిందే అక్కడొక కొత్త దారి పడిపోయింది. "ఎవర్ని అడిగి ఏసినారు?" అని అడగాలని ఆమెకు తోచకపోలేదు. ఎవరిని అడగాలో తోచలేదు.

ఇది రెండువేల మూడో సంవత్సరం, వేసవి ముదరక ముందు సంగతి. ఊరు పిట్టలగెడ్డ. రాజవొమ్మంగి దాటి, తారురోడ్డు వదిలి కొండల్లోకి మళ్లాక వచ్చే కొండదొర గిరిజనుల ఊరు. ఊరికి ఎగువన పాడుబడ్డ రాతిక్వారీ ఉంది. ఎప్పుడో రోడ్డుపనికి కంకర కొట్టుకుపోయిన పెద్ద గొయ్యి. క్వారీకి దిగువన ఊట, ఊటకు దిగువన ఇళ్లు, ఇళ్లకు దిగువన సామ చేలు, చోడి చేలు. నీళ్లు ఎటు పారతాయో పాలు మరవని పిల్లకు కూడా తెలుస్తుంది. ఆ గోతిలోకి లారీలు రావడం మొదలుపెట్టాయి.

లారీల్లో వచ్చేది మట్టి. మామూలు మట్టి కాదు. బూడిదరంగులో, జిగురుగా, వెన్నలా జారే మట్టి. సముద్రం వైపు కొబ్బరితోటల మధ్య ఒక కంపెనీ గ్యాసు కోసం భూమికి బెజ్జం పెడుతోంది. బెజ్జం లోతుకు దిగేకొద్దీ గొట్టం వేడెక్కకుండా, గోడలు కూలకుండా ఈ మట్టిని నీళ్లతో, ఉప్పులతో, ఏవేవో మందులతో కలిపి లోపలికి పంపుతారు. అది రాతిపొడిని, చమురు జిడ్డును మోసుకుని పైకొస్తుంది. పైకొచ్చినదాన్ని ఎక్కడో ఒకచోట పోయాలి. అక్కడి రైతులు "మా తోటల్లో పోస్తే ఊరుకోం" అని లారీలకు అడ్డంగా పడుకున్నారు. దాంతో ఆ మట్టి తోలే కాంట్రాక్టరు అడ్డంగా పడుకునేవాళ్లు లేని గొయ్యి ఒకటి వెతుక్కున్నాడు.

ఇవన్నీ కనకకు తర్వాత తెలిశాయి. అప్పటికి ఆమెకు తెలిసింది ఒక్కటే. మామిడికొత్త పండగ వస్తోంది. పండగలోగా గోడలు మెత్తాలి. మెత్తడానికి మట్టి తెచ్చుకునే ఎర్రగొయ్యి కూడా ఆ కంచె లోపలే ఉండిపోయింది.

పిట్టలగెడ్డలో మట్టిని ఊరికే తవ్వరు, అడిగి తవ్వుతారు. ఇంటి ఆడమనిషి గుప్పెడు బియ్యం గొయ్యి ఒడ్డున పెట్టి, "తల్లీ, గోడకి కావాల, కొంచెం తీసుకుంటన్నాం" అని చెప్పి నిలబడుతుంది. పిట్ట కూసినా, ఆకు కదిలినా తీసుకోమన్నట్టే. ఏదీ కదలకపోతే పార భుజాన వేసుకుని తిరిగొచ్చి మర్నాడు మళ్లీ పోతుంది. అడగకుండా తెచ్చిన మట్టి గోడ మీద నిలవదని ఊరి మాట.

కంచె దగ్గర తట్టతో తచ్చాడుతున్న కనకను క్వారీ సూపర్‌వైజరు రవిబాబు చూశాడు. కోనసీమ కుర్రాడు. నోటి నిండా నవ్వు, మాట నిండా మర్యాద.

"ఏం పిన్నిగారూ, మట్టికొచ్చారా? లోపలికి పంపితే మావాళ్లు నన్ను తిడతారండి. ఎర్రమట్టి ఎందుకూ, ఇదిగో ఈ మట్టి తీసుకెళ్లండి. ఎంత కావాలంటే అంత. మీ ఇల్లు అద్దంలా ఉంటుంది."

కనక వేలితో తీసి రుద్ది చూసింది. రాయి లేదు, నలక లేదు. గోడలు మెత్తడంలో ఆ చుట్టుపక్కల ఆమె చేతిని మించిన చెయ్యి లేదు. ఆ చేతికి ఆశ పుట్టింది. కొంగున కట్టుకున్న బియ్యం విప్పింది. అప్పుడు వచ్చింది చిక్కు. ఎవరిని అడగాలి? ఇది ఈ కొండ మట్టి కాదు. లారీలో వచ్చింది. లారీని అడగాలా?

తోటికోడలు దేవమణి పక్కనే ఉంది. కనక మరిదిని చేసుకున్నాక కూడా ఆదివారం ఆదివారం మిషను గుడికి పోయే మనిషి. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"అడుగక్కా అడుగు. డ్రైవరు బాబు బీడీ కాల్సుకుంటన్నాడు, ఆయన తల ఊపితే సాల్దా?"

"నువ్వూరుకో. పిట్టా కుయ్యలేదు, ఆకూ కదల్లేదు."

"లారీ హారను కొట్టింది కదక్కా! బేగి ఎత్తు, ఎండెక్కిపోతంది."

కనక కూడా నవ్వేసింది. బియ్యం మళ్లీ కొంగున ముడేసుకుంది. అడక్కుండానే తట్ట నింపుకుంది.

గోడ మాత్రం అద్దంలానే వచ్చింది. ఊక, పేడ కలిపి, అరచేత్తో నున్నగా తిప్పి, అడుగున ఎర్రటి పట్టీ వేసేసరికి ఊరంతా వచ్చి చూసింది. మొగుడు సోమన్న గోడకు చెంప ఆనించి, "సల్లగుందే! ఇంక నేనీడే తొంగుంటాను, నువ్వు లోపల తొంగో" అన్నాడు. పండగ రోజున రవిబాబు కెమెరాతో వచ్చాడు. "పిన్నిగారూ, గోడ పక్కన నిలబడండి. కొంచెం నవ్వండి." కనక పండగచీర సర్దుకుని, పళ్లు కనపడేలా నవ్వింది. జన్మలో అదే ఆమె మొదటి ఫొటో. కాపీ ఇస్తానన్నాడు. ఇవ్వలేదు.

తొలకరి పడింది. గోడకు చెమట పట్టింది. చెమట ఆరి తెల్లగా పొడి తేలింది, సొరకాయ మీద నూగులా. కనక వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా, చేదుగా ఉంది. ఆమె కంటే ముందు ఆ సంగతి మేకలు కనిపెట్టాయి. పొద్దున కట్టు విప్పగానే మేతకు పోకుండా గోడ దగ్గరికి చేరి నాకడం మొదలుపెట్టాయి. అదిలిస్తే పోవు, కొడితే పోవు. ఇంటికి ఆ మూలా ఈ మూలా నాలికలే. మొదట ఊరికి అది నవ్వులాట అయింది. "కనక గోడకి బెల్లం మెత్తినట్టుంది, మనమూ ఓసారి నాకి సూద్దామేటి?" అన్నారు.

తర్వాత చూలుమేక పడిపోయింది. నోట నురగతో, కాళ్లు కొట్టుకుంటూ కనక కళ్ల ముందే పోయింది. ఆ వెనక దాని ముందు ఈత పిల్ల, ఆ వెనక దేవమణివాళ్ల పోతు. పశువుల డాక్టరు వచ్చి పొట్టలు తట్టి, "లేతగడ్డి తిని ఉబ్బాయి" అన్నాడు. నిజంగానే తొలకరికి లేతగడ్డి మొలిచింది. కాదనడానికి లేదు. కనక అరచేతులు పొరలు పొరలుగా ఊడాయి. నర్సమ్మ చూసి, "సబ్బు పడలేదేమో" అంది. కనక ఇంట్లో సబ్బే లేదు. ఊటలో నీళ్ల మీద నెమలికంఠం రంగు తెట్టు తేలింది. అది ఆకుల పసరు అని ఒకరు, వానకు మామూలే అని ఒకరు.

"నేను మట్టిని అడగలేదు. అందుకే ఇలాగయింది" అంది కనక.

"అడగడం గిడగడం కాదక్కా, ఆ మట్టిలోనే ఉంది" అంది దేవమణి.

"మట్టిలో ఏటుంది?"

"నాకేటి తెలుసు!"

ఊరి పూజారి బుధు ముసలివాడు. అన్నీ విని, గోడ వాసన చూశాడు. చివరికి అన్నాడు: "తప్పు జరిగింది. తప్పు తీర్సాల. కోడిని కోత్తాను, అదేం పెద్ద పని? కానీ ఏ కొండ తల్లికి కోయమంటావు? ఇది ఏ నేల మట్టి? ఎవురిది? తప్పు ఒకరి కాడ సేసి కోడి ఒకరికిత్తే ఇద్దరికీ కోపవొత్తది. తెలుసుకునిరా."

కనక మండలాఫీసు మెట్లెక్కింది ఫిర్యాదు చేద్దామని కాదు. కోడిని ఎవరికి కోయాలో తెలుసుకుందామని.

తోడుగా యేసుపాదం మేస్టారు వెళ్లాడు. పక్క ఊరి మిషను బడిలో పంతులు. చదువుకున్నవాడే కానీ ఆఫీసు భాష చదువుకోలేదు. మండలాఫీసులో కనక అడిగింది: "బాబూ, క్వారీలో పోత్తన్న మట్టి ఎవురిది?"

గుమాస్తా తలెత్తకుండా, "క్వారీలు గనులవాళ్లవి" అన్నాడు.

గనుల ఆఫీసులో, "రాయి మాది. రాయి అయిపోయింది. ఉత్త గొయ్యి మాది కాదు" అన్నారు.

అటవీశాఖవాళ్లు కొండ వైపు చెయ్యి చూపించి, తమ హద్దు క్వారీకి అవతలే ఆగిపోయిందన్నారు. గిరిజనుల బాగు చూసే ఆఫీసులో పెద్దాయన మంచివాడు. టీ ఇప్పించాడు. "కాఫీమొక్కలు కావాలంటే చెప్పమ్మా, ఇప్పిస్తాను. మట్టి మా పరిధి కాదు" అన్నాడు.

చిట్టచివరికి బస్సులు మారి, పల్లంలోని పట్నానికి పోయారు. ఇలాంటి వ్యర్థాలకు అనుమతులిచ్చే ఆఫీసు అక్కడుంది. అక్కడి ఇంజినీరు ఓపిగ్గానే చెప్పాడు. గ్యాసుబావి దగ్గర మట్టిని గొయ్యి తీసి, ప్లాస్టిక్ పరిచి, అందులోనే ఉంచుతామని కంపెనీ రాసిచ్చింది. దానికి అనుమతి ఇచ్చారు. అది అక్కడున్నంతసేపూ తమ లెక్క. క్వారీలో పోసుకోవడానికి కాంట్రాక్టరు 'తాత్కాలిక నిల్వ' అని వేరే అర్జీ పెట్టుకున్నాడు. అది పరిశీలనలో ఉంది.

"పరిశీలనలో ఉంటే లారీలెలా వస్తున్నాయండీ?" అన్నాడు మేస్టారు.

"వద్దని కూడా మేం చెప్పలేదు కదండీ."

"వస్తున్నాయని తెలుసా మీకు?"

"మీరు చెబితే తెలిసింది. రాసివ్వండి. పరిశీలిస్తాం."

కనక అంతా వింది. "ఇంతకీ ఎవురిది బాబూ?" అంది మళ్లీ.

"బావి దగ్గర కంపెనీదమ్మా. లారీ ఎక్కాక కాంట్రాక్టరుది. గోతిలో పడ్డాక..." అని ఆగి, ఇంజినీరు ఫ్యాను వైపు చూశాడు.

తిరుగుబస్సులో కనక కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఘాటురోడ్డు ఎక్కాక అంది: "మేస్టారూ, మా ఊరి దేవతలే నయం. ఎవురి కొండ ఎవురిదో ఆళ్లకి తెలుసు."

మేస్టారు నవ్వలేదు. ఆయన మనసంతా ఆఫీసు గోడ మీద చూసిన ప్రకటన మీదుంది. రాసుకొచ్చిన ముక్కలు ఆమెకు విడమరిచి చెప్పాడు. క్వారీని 'శాశ్వత నిల్వ స్థలం' చేయాలని, గోతిని దిగువకు పెంచాలని అడుగుతున్నారు. ఇవ్వాలా వద్దా అని జనాన్ని అడగడానికి సభ పెడతారు. మండల కేంద్రంలో, సంతరోజున.

"దిగువకి అంటే ఎందాకా?"

"ఊట దాకా."

కనక అర్థం కానట్టు చూసింది. "ఊట దాకానా, ఊటతో కలిపా?"

"కలిపేనమ్మా."

సంతరోజున సభ పెడితే కొండల మీది జనం ఎక్కడుంటారు? చింతపండు, అడ్డాకులు అమ్ముకుంటూ సంతలో ఉంటారు. షామియానా కింద కుర్చీలన్నీ కాంట్రాక్టరు మనుషులతో నిండాయి. మైకులో ఒక పెద్దమనిషి ఉద్యోగాల గురించి, రోడ్డు గురించి, దేశానికి గ్యాసు ఎంత అవసరమో ఆ సంగతి గురించి చెప్పాడు. చెప్పి, గుడ్డ కప్పిన పెద్ద పటం మీది గుడ్డ తీశాడు.

పటంలో కనక ఉంది. పండగచీరలో, మెరిసే గోడ పక్కన, పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. నిలువెత్తు బొమ్మ.

"ఇది విషం అంటున్నారు కొందరు. విషమైతే ఈ అమ్మ తన ఇంటికి పూసుకుంటుందా? ఇది వ్యర్థం కాదు సార్, గిరిజనులు ఇష్టపడి వాడుకుంటున్న మట్టి."

చప్పట్లు మోగాయి. కనకకు అర్థమయింది. తన నవ్వే తన ఊటను పూడ్చడానికి వచ్చింది. రవిబాబు ఓ మూల తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆమె వైపు చూడలేదు.

"నువ్వు మాటాడాల" అని దేవమణి వెనక నుంచి పొడిచింది.

"ఏటని మాటాడను? పూసింది నేనే కదే."

"అదే సెప్పు."

కనక లేచింది. మైకు చేతికిస్తే అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఆ బొమ్మలోది నేనేనండి. నా మేకలు సచ్చిపోనాయండి. నేను మట్టిని అడక్కుండా తెచ్చినానండి, అది నా తప్పు. తప్పు తీర్సుకుందామంటే ఎవురి మట్టో ఎవురూ సెప్పలేదండి. మీరైనా సెప్పండి, ఈ మట్టి ఎవురిది?"

షామియానా కింద నవ్వులు లేచాయి. సభ నడిపే అధికారి గడియారం చూసుకుని, "చూడమ్మా, నీకు అభ్యంతరం ఉందా లేదా? అదొక్కటే చెప్పు" అన్నాడు.

కనకకు ఆ ప్రశ్న తెలియలేదు. అభ్యంతరం అంటే ఏమిటో మేస్టారు చెవిలో చెప్పేలోగా మైకు ఇంకొకరి చేతిలోకి వెళ్లిపోయింది. "మేకల గురించి మాట్లాడింది. విషయానికి సంబంధం లేదు" అని రాసుకున్నారు. "ఇంకా అభ్యంతరాలుంటే మండలాఫీసులో ఇవ్వండి, నెలాఖరుదాకా తీసుకుంటారు" అని సభ ముగించారు.

ఇంటికొచ్చాక కనక అన్నం ముట్టలేదు. గోడ ముందు కూర్చుంది. తప్పు మట్టిదా, తనదా? అడిగి ఉంటే మేకలు బతికేవా? అసలు ఆ తల్లి వద్దనే అందేమో, పిట్ట కుయ్యకపోవడం అదేనేమో, లారీ హారనుకి తానే నవ్వేసిందేమో. ఆలోచించేకొద్దీ ముడి బిగిసింది కానీ విడలేదు. చివరికి లేచి సోమన్నను పిలిచింది.

"గునపం ఇలాతే."

"ఏటి సేత్తావే?"

"అబ్బెంతరం ఉంటే ఇచ్చెయ్యమన్నారు కదా. ఆపీసులో ఇచ్చేత్తాను."

"ఓలమ్మా, ఇమ్మంది కాయితవే!"

"నాకు రాయడం వొచ్చేటి? నా కాడున్నదిదే."

నున్నగా మెత్తిన గోడను తానే పెళ్లలు పెళ్లలుగా రాల్చింది. చేతులు మళ్లీ మండాయి. దేవమణి అదే మట్టితో మెత్తిన తన అరుగు కూడా తవ్వింది. తట్టలకెత్తి, కావిళ్లు కట్టి, ఊరు ఊరంతా కొండ దిగింది. ముందు బుధు, చేతిలో కోడిపుంజు. మట్టి ఎవరిదో ఈ రోజైనా చెబుతారేమోనని ముసలాడి ఆశ.

మండలాఫీసు వాకిట్లో కావిళ్లు దింపి, మొదటి తట్ట మెట్ల పక్కన బోర్లించేసరికి లోపలి నుంచి గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే అధికారి.

"ఏయ్, ఏయ్! ఏంటది? క్వారీ మట్టా? ఇక్కడ పొయ్యకూడదు! ముట్టుకోకండి ఎవరూ. అందులో కెమికల్సు ఉంటాయి. పర్మిషన్ లేకుండా ఆఫీసు ఆవరణలో ఇలాంటి వేస్టు పోస్తే కేసవుతుంది, తెలుసా?"

కనక ఆగింది. అధికారి ముఖం చూసింది, తట్ట చూసింది. ఊడిన తోలుతో ఉన్న తన అరచేతులు చూసింది.

"మా ఇంటి గోడకుంటే మట్టన్నారు కదు బాబూ. కొండ దిగేసరికి ఏటయిపోయింది దీనికి?"

యేసుపాదం మేస్టారు నెమ్మదిగా, "అయ్యా, ఇప్పుడన్న మాట కాస్త రాసివ్వండి. ఇది వేస్టు, ముట్టుకోకూడదు, అనుమతి లేకుండా పొయ్యకూడదు. అదే మా అభ్యంతరం" అన్నాడు.

ఆ మాట రాసివ్వలేదు. ఏదో ఒకటి రాసివ్వకుండా ఉండలేకపోయారు కూడా. వాకిట్లో జనం పొద్దుగూకినా కదల్లేదు. చివరికి రాసిచ్చిన ముక్క ఒకటే: సభ మళ్లీ పెడతారు, ఈసారి పిట్టలగెడ్డలోనే, ఊరి జనం ఎదుట. అందాకా గొయ్యి పెంచరు. కంచె తీస్తారని మాత్రం అందులో లేదు. లారీలు ఆగుతాయనీ లేదు.

ఇది రాసేనాటికి తట్టలు ఇంకా మండలాఫీసు వాకిట్లోనే ఉన్నాయి. వాటిని తీయించాల్సింది ఏ ఆఫీసో ఇంకా తేలలేదు. రెవిన్యూ వాళ్లు గనులవాళ్లకు రాశారు, గనులవాళ్లు పట్నానికి రాశారు. వాకిట్లోకి మేకలు రాకుండా ఒక బంట్రోతును కాపలా పెట్టారు. ఊట పక్కన మాత్రం కాపలా లేదు. కనక ఇప్పటికీ గుట్ట చుట్టూ తిరిగి, నీళ్ల మీది తెట్టును చేత్తో అటు తోసి బిందె ముంచుకుంటోంది. ఇంటి గోడకు మెత్తడం లేదు, తడికలు కనిపిస్తున్నాయి. కోడిపుంజు దొడ్లో తిరుగుతోంది. బుధు దాన్ని ఇంకా కోయలేదు.

చదివినవాళ్లకు ఒక మాట. పిట్టలగెడ్డ ఒక్కటే కాదు, ఇలాంటి పాడు గోతులు మీ దారిలోనూ ఉంటాయి. ఈసారి మండలాఫీసుకు పనిమీద వెళ్లినప్పుడు గోడ మీది కాగితాలు ఆగి చదవండి. 'నిల్వ', 'విస్తరణ', 'ప్రజాభిప్రాయం' అనే మాటలు కనిపిస్తే ఏ ఊరో చూడండి. ఆ ఊరికి వెళ్లి, చదవలేనివాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించండి. అభ్యంతరం అంటే ఏమిటో సభకు ముందే చెప్పండి. సభ సంతరోజున పెడితే మార్చమనండి, కొండ కింద పెడితే కొండ మీద పెట్టమనండి. మీరు కూడా వెళ్లి ఆ జనం పక్కన కూర్చోండి. మైకు మీ చేతికొచ్చినప్పుడు కనక అడిగిందే అడగండి, ఈ మట్టి ఎవరిదని. జవాబు కాగితం మీద వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.